ఇంట్లో రోగి ఉన్నప్పుడు: సేవ ఎలా, ఎడం ఎంత

డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి "కొన్నాళ్ళు విడిగా ఉంచండి" అని ఒక్క మాటతో పంపించేస్తారు. ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు తంటా. రెండు బెడ్రూముల ఫ్లాటు, ఐదారుగురు మనుషులు, పైగా చూసిపోదామని ఊళ్ళోంచి దిగే చుట్టాలు. ఎక్కడ విడిగా? ఎంత విడిగా? ఎన్నాళ్ళు? హైదరాబాదులో సర్కారు దవాఖానా వార్డుల్లో డ్యూటీ చేసినన్నాళ్ళూ ఇంటివాళ్ళు నన్ను ఎక్కువగా అడిగినవి ఇవే. "సిస్టరమ్మా, పళ్ళెం వేరే పెడ్తం, గిలాస వేరే పెడ్తం, ఇంకేం జేయాలె?" అనేవాళ్ళు. అందరూ పళ్ళెం దగ్గరే మొదలుపెడతారు. చాలా జబ్బులకి పళ్ళెంతో పనే లేదు. డెంగీ వచ్చిన మనిషికి కంచం, గ్లాసు విడిగా పెట్టి, దోమతెర మాత్రం కట్టని ఇళ్ళు నాకు కొత్త కాదు.

ముందు జబ్బు ఏ దారిన పోతుందో తెలుసుకోండి

డాక్టరుని "ఇది అంటుకుంటుందా?" అని అడిగి ఊరుకోకండి. "దేని ద్వారా అంటుకుంటుంది, ఎప్పటిదాకా?" అని అడిగి, చీటీ వెనకాలే రాయించుకోండి. మీరు చేయబోయే ఏర్పాటంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

గాలిలో తేలి పోయేవి కొన్ని: క్షయ, తట్టు, ఆటలమ్మ. వీటికి గది, తలుపు, కిటికీ ముఖ్యం. దగ్గు, తుమ్ము తుంపర్లతో దగ్గరివాళ్ళకి పోయేవి కొన్ని: ఫ్లూ, గవదబిళ్ళలు లాంటివి. వీటికి దూరం, మాస్కు. కోవిడ్‌కి ఈ రెండు దారులూ ఉన్నాయి. 2020లో గాంధీ ఆస్పత్రిని మొత్తంగా కోవిడ్‌కే కేటాయించిన రోజుల్లో మనం కూరగాయల్ని సబ్బునీళ్ళలో ముంచాం, పాలప్యాకెట్లు కడిగాం, కిటికీలు మాత్రం బిగించుకుని కూర్చున్నాం.

తాకితే పోయేవి గజ్జి, చీము కారే పుళ్ళు, కళ్ళకలక, ఐసీయూలో చాలాకాలం ఉండి వచ్చినవాళ్ళ ఒంటి మీద ఉండిపోయే మందులకి లొంగని క్రిములు. కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే మనకీ వస్తుందని నల్లకళ్ళద్దాలు పెట్టిస్తారు. ఆ అద్దాలు వెలుతురు గుచ్చుకోకుండా పనికొస్తాయి, అంతే. అంటించేది తువ్వాలు, దిండు గలేబు, కన్ను నలిపిన చెయ్యి.

టైఫాయిడ్, విరేచనాలు, నీళ్ళ ద్వారా వచ్చే కామెర్లు మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి ప్రయాణిస్తాయి. రోగి మీ పక్కనే కూర్చుని టీవీ చూసినా ఏం కాదు. బాత్రూం, వంటగది కాపాడుకోవాలి. ఆ మనిషి జబ్బు తగ్గి, డాక్టరు సరేననేదాకా వంట చేయకూడదు. మన ఇళ్ళలో ఇదే కష్టం. ఇంటి ఇల్లాలికే టైఫాయిడ్ వస్తే జ్వరం దిగిన మూడోరోజుకల్లా పిండి కలుపుతూ కనిపిస్తుంది.

ఇక దోమ. డెంగీ, మలేరియా, చికున్‌గున్యా మనిషి నుంచి మనిషికి నేరుగా రావు. దోమ మధ్యలో ఉండాలి. మలేరియాకి దోమే వాహకమని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. పాతవాళ్ళు కోరంటి దవాఖానా అనే నల్లకుంట ఫీవరాసుపత్రికి పెట్టింది ఆయన పేరే. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి దోమతెర పగలు కూడా కట్టాలి. జ్వరం ఉన్న రోజుల్లో రోగిని కుట్టిన దోమ తరవాత ఇంట్లో ఇంకొకరిని కుడుతుంది, అసలు తెర కట్టేది అందుకు. కూలరులో నీళ్ళు, పూలకుండీ కింద పళ్ళెం, మూతలేని సంపు వారానికోసారైనా చూసుకోండి.

హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ ఉన్నవాళ్ళని విడిగా ఉంచనక్కర్లేదు. రక్తం తగిలే వస్తువులు, అంటే రేజరు, టూత్ బ్రష్, సూదులు, గోళ్ళకత్తెర పంచుకోకపోతే ఇంట్లో మిగతావాళ్ళకి చాలు, లైంగిక సంబంధం ద్వారా కూడా పోతాయి కాబట్టి భార్యాభర్తలు మాత్రం డాక్టరుని అడగాలి. కంచం వేరు చేసి మనిషిని మూలన కూర్చోబెట్టడం ఉత్త అన్యాయం.

ఆటలమ్మ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండ కట్టే ఇళ్ళలో ఒక మంచి అలవాటు ఉంది: ఆ ఇంటికి ఎవరూ రారు, ఆ ఇంటివాళ్ళు ఎక్కడికీ పోరు. అది ఐసొలేషనే. దాన్ని మానిపించకండి. నేను ఒప్పుకోనిది మందు వద్దనడం, స్నానం వద్దనడం. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించి, రుద్దకుండా మెత్తని బట్టతో అద్దితే దురద తగ్గుతుంది. గోళ్ళు కత్తిరించండి. గోకిన పొక్కు చీము పడుతుంది. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే జబ్బు ఇతరులకి పోవడం మొదలవుతుంది, పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా పోతూనే ఉంటుంది. ఇంట్లో ఇంతకుముందు ఆటలమ్మ రాని గర్భిణి ఉంటే "చూద్దాంలే" అనుకోవద్దు. ఆ రోజే డాక్టరుకి చెప్పండి, సమయం దాటితే చేయగలిగింది తగ్గిపోతుంది.

గది ఏర్పాటు

అటాచ్డ్ బాత్రూం ఉన్న గది రోగికి ఇవ్వండి. పెద్దవాళ్ళు "మా గది మాకే" అంటే బతిమాలి ఒప్పించండి, పదిరోజుల మాట. గదిలో మంచం, ఒక కుర్చీ, చిన్న బల్ల, మూత ఉన్న చెత్తబుట్ట ఉంటే చాలు. బట్టల బీరువా అందులోనే ఉంటే మీకు కావలసినవి ముందురోజే బయటికి తీసుకోండి. లేకపోతే చీర కోసం, ఫైలు కోసం రోజుకి పదిసార్లు లోపలికి పోతారు.

గాలి ద్వారా వచ్చే జబ్బయితే హాల్లోకి తెరుచుకునే తలుపు మూసి, బయటి కిటికీ తెరవాలి. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే అది తిప్పి, బాత్రూం తలుపు ఓరగా తీసి ఉంచితే గదిలో గాలి అటు లాగుతుంది. స్ప్లిట్ ఏసీ అదే గాలిని తిప్పి తిప్పి కొడుతుంది, వద్దు. మే నెల ఎండల్లో కూలరు లేకపోతే ఎలా అంటారా? పెట్టండి, కానీ ఒక్కటి గమనించండి. కిటికీకి పెట్టిన కూలరు బయటి గాలిని లోపలికి తోస్తుంది. ఆ గాలి బయటికి పోవడానికి రెండో కిటికీ లేకపోతే, తలుపు కింద సందులోంచి నేరుగా మీ హాల్లోకే వస్తుంది. కూలరు వేసి తలుపు కింద చెయ్యి పెట్టి చూడండి, చల్లగాలి తగులుతుంది. అలా తగిలితే రెండో కిటికీయో, బాత్రూం ఎగ్జాస్టో తప్పనిసరి. తలుపు కింద పాతబట్ట చుట్టి అడ్డం పెట్టండి.

ఇల్లంతా ఒకటే గది అయితే? బస్తీల్లో చాలామందికి అంతే. రోగి మంచం కిటికీ పక్కన, గాలి బయటికి పోయే వైపు. మిగతావాళ్ళు తల అటు పెట్టకుండా ఎదురుగోడ వైపు పడుకోవాలి. రోగికి మాస్కు. చంటిపిల్లల్ని, ముసలివాళ్ళని ఆ కొన్నాళ్ళు దగ్గరి బంధువుల ఇంట్లో పెట్టగలిగితే అదే మేలు. కాకపోతే వాళ్ళు ఇప్పటికే ఆ గాలి పీల్చి ఉంటే, ఆ ఇంటికీ జబ్బు మోసుకుపోవచ్చు. పంపేముందు డాక్టరుని అడగండి.

బాత్రూం ఒకటే ఉంటే రోగి అందరి తరవాత స్నానం చేయాలి. వాడిన తరవాత కుళాయి తల, ఫ్లష్ మీట, తలుపు గడియ తుడవాలి. టాయిలెట్ మూత ఉంటే మూసి ఫ్లష్ చేయాలి. మగ్గు విడిగా పెట్టండి. విరేచనాల జబ్బుల్లో పళ్ళెం కన్నా మగ్గు ఎన్నో రెట్లు ప్రమాదం, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చేతులు

ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఇక్కడే ఉంది, కాబట్టి తీరిగ్గా చెబుతాను.

గాజులు, ఉంగరాలు, చేతికి కట్టిన దారాలు. గుడి తాడో, దర్గా తాయెత్తో తీయమంటే మనసొప్పదు. తీయనక్కర్లేదు, మోచేతి పైకి జరిపేయండి. మణికట్టు దగ్గర తడిసిన దారం రోజంతా ఆరదు, రోగికి ముఖం తుడిచేటప్పుడు మొదట తగిలేది అదే. ఉంగరం కింద నురగ చేరదు, అది మాత్రం తీసేయండి. గోళ్ళు పొట్టిగా ఉండాలి.

ఇప్పుడు కుళాయి. మురికి చెయ్యి కుళాయి తిప్పుతుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, కడిగిన చేత్తో అదే కుళాయి మూస్తాం. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చాం. పొడుగు మీట ఉన్న కుళాయి అయితే మోచేత్తో మూయండి. లేకపోతే చేతులతో పాటే కుళాయి తలకి కూడా సబ్బు రాసి కడగండి, లేదా చేతులు తుడుచుకున్న కాగితంతోనే పట్టుకుని మూయండి. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే చోట బకెట్లో నీళ్ళు పట్టుకుని చెంబు ముంచుతారు. చెంబు పట్టుకున్న వేళ్ళు కూడా మునుగుతాయి, బకెట్టంతా పాడవుతుంది. కింద కుళాయి బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కొనుక్కోండి. రోగి ఉన్న ఇంట్లో ఆక్సీమీటరు కన్నా ముందు కొనాల్సింది అదే అంటాను నేను.

సబ్బు రాశాక కనీసం 20 సెకన్లు రుద్దాలి. అరచేతులు ఎలాగూ రుద్దుతాం. మరిచిపోయేవి బొటనవేళ్ళు, వేళ్ళ సందులు, వేలికొసలు. వేలికొసల్ని రెండో అరచేతిలో గుండ్రంగా తిప్పి రుద్దండి. తడిచేతుల్ని చీరకొంగుకి తుడుచుకోవద్దు. ఆ కొంగుతోనే ఇందాక రోగి మూతి తుడిచి ఉంటారు.

ఎప్పుడెప్పుడు? రోగిని తాకబోయే ముందు. పుండు కట్టు, ట్యూబు, ఇంజెక్షను లాంటి పని ముట్టే ముందు. ఉమ్మి, మూత్రం, రక్తం తగిలిన తరవాత. రోగిని తాకిన తరవాత. రోగిని తాకకపోయినా మంచం, దుప్పటి, బల్ల సర్దిన తరవాత. ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సులకి చెప్పేది ఈ ఐదే. చివరిది ఇంట్లో ఎవరూ పాటించరు. "నేను ముట్టుకోలేదు, దుప్పటి సర్దానంతే" అంటారు.

శానిటైజరు మంచిదే, ఆల్కహాలు 60 శాతానికి పైగా ఉండాలి. కానీ చెయ్యి కంటికి కనిపించేంత మురికిగా ఉన్నా, వాంతులు విరేచనాల జబ్బయినా శానిటైజరు సరిపోదు, సబ్బూ నీళ్ళే కావాలి. చేతులు కడగడమనే ఈ చిన్నపని 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చెబితే తోటి డాక్టర్లే నవ్వారు. క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాక ఆయన వార్డులో బాలింతల చావులు బాగా తగ్గాయి.

మాస్కు, ఆప్రాను, గ్లవ్స్

సర్జికల్ మాస్కుకి రంగు వైపు బయటికి. ముక్కు మీద తీగ నొక్కాలి. తడిస్తే మార్చాలి. గడ్డం కిందకి లాగి మాట్లాడి మళ్ళీ పైకి లాగితే మాస్కు పెట్టుకోనట్టే. క్షయ రోగిని మొదటి రోజుల్లో చూసుకునేవాళ్ళు ఎన్95 పెట్టుకోవాలి, రోగికి మాత్రం మామూలు సర్జికల్ మాస్కు చాలు.

ఆప్రాను లేకపోతే పాత చొక్కా ఒకటి గది తలుపు లోపలివైపు కొక్కేనికి తగిలించండి. రోగిని శుభ్రం చేసే పనికి అది వేసుకుని, గదిలోనే విప్పేసి రావాలి. విప్పేటప్పుడు ముందు గ్లవ్స్, తరవాత చొక్కా, చేతులు కడగడం, అన్నిటికన్నా ఆఖర్న మాస్కు, మళ్ళీ చేతులు. గ్లవ్స్ తీసేటప్పుడు ఒకదాని బయటివైపు అంచు పట్టుకుని తిరగేసి లాగి, దాన్ని రెండో చేతి గుప్పిట్లో పెట్టుకుని, రెండోదాన్ని లోపలివైపు నుంచి వేలు దూర్చి దాని మీదకే తిరగేయాలి. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని అదే చేత్తో ఫోన్ ఎత్తేవాళ్ళకి గ్లవ్స్ వేసుకోనివాళ్ళే నయం.

నోటుబుక్కు

రోజువారీ సేవలో మొదటి పని రాయడం. రెండువందల పేజీల నోటుబుక్కులో టైము, జ్వరం, నాడి, ఊపిరి, తాగింది, మూత్రం, విరేచనం, ఇచ్చిన మందు రాయండి. డాక్టరు ముందు ఈ పేజీ తెరిస్తే మీరు పదిమాటలు చెప్పనక్కర్లేదు. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు ఎంత పడ్డాయో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలతో సహా చెబుతారు. మూత్రం చివరిసారి ఎప్పుడు పోశారని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. డెంగీలో ఆ రెండో అంకె కూడా మాకు అంతే ముఖ్యం.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే జ్వరమనే లెక్క. పెద్దవాళ్ళకి నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20. ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే తెలియకుండానే మార్చి పీలుస్తాడు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పొట్ట లేచి దిగడం నిమిషంపాటు లెక్కపెట్టండి. ఆక్సీమీటరు చల్లటి వేలికి, గోరింటాకు లేదా నెయిల్ పాలిష్ ఉన్న వేలికి తప్పు చూపవచ్చు, వేరే వేలికి పెట్టి చూడండి.

మందు ఇచ్చేటప్పుడు ఐదు చూసుకోవాలి: ఈ మనిషికేనా, ఈ మందేనా, ఇంతేనా, ఇప్పుడేనా, నోటితోనా ఇంకోలాగానా. తాతయ్య బీపీ మాత్ర, నానమ్మ షుగరు మాత్ర ఒకే డబ్బాలో వేసే అలవాటు ఇవాళే మానేయండి.

మంచం పట్టినవాళ్ళకి

రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. పూర్తిగా పక్కకి కాదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఓరగా, అంటే 30 డిగ్రీలు వాలేట్టు. పిక్కల కింద చిన్న దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా ఎత్తండి. నడుము కింద ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమ దగ్గర ఎర్రగా ఉందేమో స్నానం చేయించేటప్పుడు చూడండి. నొక్కి వదిలినా తెల్లబడని ఎరుపు అయితే పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చేయకూడదు, నూనె రాసి రుద్దకూడదు. అందరూ రుద్దేది అక్కడే. ట్యూబులా గుండ్రంగా ఉండే దిండు కూడా వద్దు, దాని అంచు దగ్గర రక్తం ఆగిపోతుంది. గాలి పరుపు మంచిదే, కానీ అది ఉందని తిప్పడం మానకూడదు.

దుప్పటి మార్చడం ఇద్దరు చేసే పని. ఒకరు రోగిని తనవైపు తిప్పి పట్టుకుంటారు. రెండోవారు మురికి దుప్పటిని పొడవునా చుట్టుకుంటూ రోగి వీపుదాకా తెచ్చి, ఖాళీ అయిన సగం మీద శుభ్రమైనది పరిచి, దాని మిగతా సగాన్ని కూడా చుట్టి వీపు పక్కన పెడతారు. ఇప్పుడు రోగిని ఆ చుట్ట మీదుగా ఇటు తిప్పితే, అటువైపువారు మురికిది లాగేసి కొత్తది పరుస్తారు. ముడతలు లేకుండా లాగండి, బలహీనమైన చర్మానికి ముడత కూడా పుండు చేస్తుంది. మురికి దుప్పటిని దులపకండి. లోపలికి మడిచి నేరుగా బకెట్లో వేయండి. మన బాల్కనీల్లో దులిపే అలవాటు ఉంది, కింద అంతస్తువాళ్ళ అదృష్టం ఎలా ఉంటే అలా.

తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి. కుదరకపోతే తలవైపు కనీసం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి జావ పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వారం తిరక్కుండా నిమోనియా. ముక్కుట్యూబు ఉన్నవాళ్ళకీ ఇదే నియమం. నోరు రోజుకి రెండుసార్లు తోమాలి, పళ్ళు లేకపోయినా సరే, తడిబట్ట వేలికి చుట్టి చిగుళ్ళు, నాలుక తుడవాలి.

మూత్రపు సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, కానీ నేలకి తగలకూడదు. వీల్‌చెయిర్లో కూర్చోబెట్టేటప్పుడు సంచిని రోగి ఒళ్ళో పెట్టేస్తారు, లోపలి మూత్రం వెనక్కి పోతుంది. మూడింట రెండొంతులు నిండగానే వంపేయాలి. వంపే గొట్టం కొస గిన్నెకి తగలనివ్వకూడదు. ట్యూబుకీ సంచికీ మధ్య జాయింటు విప్పకండి, ఇన్ఫెక్షనుకి అదే గుమ్మం.

ఏజెన్సీ నుంచి అటెండరుని పెట్టుకునేవాళ్ళు మొదటిరోజే పక్కన నిలబడి చూడండి. మూత్రపు సంచి వంపాక చెయ్యి కడిగిందా లేదా? పగలు ఇంకో ఇంట్లో ఇంకో రోగిని చూసి వస్తోందా? అడగడం తప్పు కాదు. ఆమెకి సబ్బు, తువ్వాలు, మార్చుకోవడానికి చోటు మీరే ఇవ్వాలి, మంచినీళ్ళు, చాయ్ కూడా.

బట్టలు, గిన్నెలు, చెత్త

గిన్నెలు మామూలు సబ్బు, వేడినీళ్ళతో కడిగితే చాలు. పారేసే ప్లేట్లు అక్కర్లేదు. బట్టలు వేడినీళ్ళలో సబ్బుపొడి వేసి ఉతికి ఎండలో ఆరేయండి. గజ్జి అయితే ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి, దురద లేనివాళ్ళు కూడా. ఉతకలేని దిండ్లు, బొమ్మలు ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారం పక్కన పెట్టండి.

వాంతి, విరేచనం, రక్తం నేల మీద పడితే ముందు పాతబట్ట లేదా కాగితాలు కప్పి, దాని మీద ఒక శాతం క్లోరిన్ నీళ్ళు పోసి కనీసం పది నిమిషాలు ఆగి, అప్పుడు ఎత్తాలి. లీటరు నీళ్ళకి 30 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపితే దాదాపు ఒక శాతం వస్తుంది. తలుపు గడియలు, బల్ల తుడవడానికి ఆ నీళ్ళు ఒక వంతు తీసుకుని తొమ్మిది వంతుల నీళ్ళు కలపండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, నిన్నటి నీళ్ళకి బలం ఉండదు. బాత్రూం యాసిడ్ గానీ, టాయిలెట్ క్లీనరు గానీ దీంతో కలిపారా, క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదకి తెస్తుంది. రెండూ ఒకేసారి పోసి గట్టిగా రుద్దేవాళ్ళకి ఈ మాట చదివి వినిపించండి.

క్షయ రోగి ఉమ్మి మూత ఉన్న కప్పులో పట్టి, డాక్టరు చెప్పిన క్రిమిసంహారకం పోసి టాయిలెట్లో వంపేయాలి. మాస్కులు, డైపర్లు, కట్టుబట్టలు కవరులో మూతికట్టి, స్వచ్ఛ ఆటో వచ్చినప్పుడు తడిచెత్తలో కలపకుండా విడిగా, ఫలానా అని చెప్పి ఇవ్వండి. ఇన్సులిన్ సూదులు మందపాటి ప్లాస్టిక్ సీసాలో మూత బిగించి. కవరులోంచి పొడుచుకొచ్చిన సూది చెత్త ఏరే మనిషి చేతికే గుచ్చుకుంటుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ళు

బత్తాయిలు, బ్రెడ్డు, కొబ్బరిబొండాలు పట్టుకుని వస్తారు. రాకపోతే ఏమనుకుంటారో అని వాళ్ళ బాధ, రావద్దంటే ఏమనుకుంటారో అని మీ బాధ. చెప్పడం ఇంట్లో ఒకరికి అప్పగించండి, పెద్దవాళ్ళయితే ఇంకా మంచిది. "అత్తయ్యా, డాక్టరు పదిరోజులు ఎవరినీ రానివ్వద్దన్నాడు, తగ్గాక మేమే వస్తాం" అంటే ఎవరూ నొచ్చుకోరు. నెపం డాక్టరు మీద తోసేయండి, మాకు అలవాటే. రోజూ సాయంత్రం వీడియో కాల్ పెట్టి ముఖం చూపించండి. ఒంటరిగా గదిలో పడున్న మనిషికి అది మందుతో సమానం.

కొందరి విషయంలో ఎడం తిరగబడుతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట కీమో ఎక్కించుకుని వచ్చినవాళ్ళకి తెల్లరక్తకణాలు తగ్గిన రోజుల్లో బయటివాళ్ళ నుంచే ప్రమాదం. అక్కడ మాస్కు పెట్టుకోవాల్సింది మీరు. జలుబు ఉన్నవాళ్ళు గదిలోకి పోకూడదు, పచ్చికూరలు, బయట కోసిన పండ్లు పెట్టకూడదు. జ్వరం 100.4 తాకితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. మాత్ర వేసి దిగుతుందేమో చూద్దామనుకునే జ్వరం కాదది.

ఎప్పుడు పరుగెత్తాలి

ఆక్సీమీటరు 94 కన్నా తక్కువ చూపిస్తే, ఊపిరి నిమిషానికి 24 దాటితే, మాట తడబడి మనుషుల్ని పోల్చుకోలేకపోతే, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోతే, తాగింది తాగినట్టు వాంతవుతుంటే 108కి ఫోన్ చేయండి. డెంగీలో జ్వరం దిగిందని సంబరపడే రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గే వేళ తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం ఇందులో ఏది కనిపించినా ఆగకూడదు. డెంగీ అనుమానం ఉన్నంతకాలం జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. నొప్పి ఎక్కువగా ఉందని బ్రూఫిన్, ఆస్పిరిన్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి.

ఎడం ఎప్పుడు తీసేయాలి

విడిగా ఉంచడం ఎంత అవసరమో, సమయానికి ఆపేయడం అంతే అవసరం. ఫ్లూ అయితే జ్వరం మాత్ర వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే. తట్టు అయితే దద్దు కనిపించిన నాలుగు రోజుల తరవాత. గవదబిళ్ళలైతే వాపు మొదలైన ఐదు రోజుల తరవాత. క్షయ అయితే సరైన మందులు పడుతుంటే సాధారణంగా రెండు వారాల్లో ఇతరులకి అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది, మందు మాత్రం ఆరు నెలలు పూర్తిగా వాడాలి. మందులకి లొంగని క్షయకి లెక్క వేరు, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలోనో, మీ బస్తీ దవాఖానా పంపిన చోటో చెప్పినట్టు చేయండి. ఇంట్లో మిగతావాళ్ళని, ముఖ్యంగా ఐదేళ్ళలోపు పిల్లల్ని పరీక్ష చేయించాలి. క్షయ రోగులకి తిండి కోసం ప్రభుత్వం నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది, మందులిచ్చే చోటే పేరు నమోదు చేయించుకోండి. మందు మొదలుపెట్టి నెలలు గడిచి, కఫం పరీక్ష బాగుందన్నాక కూడా కోడలిని బాల్కనీలో పడుకోబెట్టే ఇళ్ళున్నాయి. క్షయ కంచంతో రాదు, బట్టలతో రాదు. ఆమెని లోపలికి పిలవండి.

గది ఖాళీ అయిన రోజు కిటికీలు బార్లా తెరిచి, పరుపు, దిండ్లు డాబా మీద ఎండలో వేయండి. గడియలు, స్విచ్చులు, రిమోటు, మంచం కోడు, ఫోన్ ఛార్జరు తుడవండి. రిమోటు అందరూ మరిచిపోతారు. టూత్ బ్రష్ పారేయండి. థర్మామీటరు కొసని స్పిరిటుతో తుడిచి డబ్బాలో పెట్టి, నోటుబుక్కుతో పాటు ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.